బిందు తెచ్చిన తీగ

లాజరస్ ఒక మాట అడిగాడు, బెట్సీ ఇంకా జవాబు చెప్పలేదు. మనం అక్కడ ఉన్నాం.

కారఖానా వాళ్ళిచ్చిన అగ్రికో క్వార్టరులో ముందు గది. బల్ల మీద గంట ఉంది. గంటంటే చర్చి గంట కాదు. ఒక చెక్క పలక, దాని మీద నిలబెట్టిన ఇనప బోల్టు, బోల్టు చుట్టూ బూడిద రంగు తీగ, పక్కన టార్చిలైటు బ్యాటరీలు రెండు, ఎదురుగా డబ్బా మూత. మీట నొక్కితే మూత గణగణ మోగుతుంది. పర్సుడీహ్ బడిలో నాలుగో తరగతి పిల్లల చేత బెట్సీ చేయించింది. శనివారం కాలేజీలో పెట్టే ప్రదర్శనకి దాన్ని ఎంచుకున్నారు. కారఖానా పెద్దలు కూడా చూడ్డానికి వస్తారట. తండ్రి డ్యూటీ నుంచి రాగానే చూసి మురిసిపోతాడనుకుంది. ఆయన మురవలేదు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని తీగ మీద వేలు పెట్టాడు.

"ఇది ఏ గుంట తెచ్చిందే?"

అదీ ఆయన అడిగిన మాట.

"చెప్పవేటి?"

"ఒక పాప తెచ్చింది నాన్నా. క్యోఁ? క్యా హువా?"

"క్యా హువా తరవాత. ఏ పాప?"

"బిందుప్రియ."

"ఎవరి పిల్ల?"

బెట్సీకి తెలుసు. ఆ పిల్ల ఇంటికి మూడుసార్లు వెళ్ళింది, చాప మీద కూర్చుని టీ తాగింది. "వాళ్ళ నాన్న పేరు భానుప్రకాష్. కారఖానాలోనే, ఠేకేదారు కింద కాంట్రాక్టు మీద చేస్తాడట."

లాజరస్ కుర్చీ కోసం చెయ్యి వెనక్కి చాపాడు. దొరకగానే దాంట్లో కూర్చున్నాడు. వంటింటి గుమ్మంలో తల్లి సువర్ణకుమారి గరిటెతో నిలబడిపోయింది.

"మన భానూయేనా?" అందావిడ. "మొన్న పండక్కి బెట్సీ ఇంట్లో లేనప్పుడు వచ్చి, కేకు తిననని సిగ్గుపడి జేబులో పెట్టుకెళ్ళాడు, ఆ అబ్బాయా?"

లాజరస్ బోల్టుకి చుట్టిన తీగని కిటికీ వెలుగులోకి తిప్పాడు. "ఇలా రా. ఈ అంకేటి?"

"తొమ్మిది."

"జానెడు పోయాక?"

"మళ్ళీ తొమ్మిదే. పిల్లలకి అది భలే ఇష్టం నాన్నా."

"ఇష్టం. ఉండదా మరి." ఆయన గొంతు పైకి లేవలేదు. అదే బెట్సీని భయపెట్టింది. "బజారు తీగ మీద అంకెలుంటాయా? ఎక్కడైనా చూసినావా? లావుపాటి కేబులు లోపల ఇలాంటి తీగలు పన్నెండుంటాయి. ఏది ఎక్కడికెళ్తాదో తెలియడానికి ఒక్కోదాని మీద ఒక్కో అంకె కొడతారు. ఇది తొమ్మిదో తీగ. పోయిన నెల క్రేనుకి కేబులు మార్చినాం. నేను, భానూ, ఇంకో ఇద్దరు. పాత ముక్కలన్నీ స్టోరుకి చేరిపోయినాయని చిట్టీ రాసినారు. కింద సంతకం ఎవరిదనుకున్నావు?"

బెట్సీ తీగ మీంచి తలెత్తి తండ్రి మొహం చూసింది.

"నాదే. ముక్కలు చూడకుండా పెట్టీసినాను. మన కుర్రాళ్ళే కదా అని. నాలుగు నెల్లలో నన్ను దండేసి పంపించాలి వాళ్ళు. దండ సంగతి అలా ఉంచు. సంతకం తప్పని తేలితే ఈ క్వార్టరు తాళాలు రేపే అడుగుతారు. నేను ఎలాగో బతుకుతాను. వాడు? ఠేకేదారు మనిషికి విచారణ కూడా ఉండదు. గేటు దగ్గర పాసు లాక్కుని పొమ్మంటారు. ఆ గుంటని తీసుకుని బరంపురం బండెక్కాల."

పొయ్యి మీద పప్పు అడుగంటుతున్న వాసన వచ్చింది. సువర్ణకుమారి పరుగెత్తింది.

"ఆ పుస్తకంలో రాసినావా?" అన్నాడు లాజరస్.

ఆ ప్రశ్న వస్తుందని బెట్సీకి తెలుసు. అది రాకూడదని అప్పటిదాకా వేళ్ళు నలుపుకుంటూ నిలబడింది.

ఆ పుస్తకం సంగతి కొంచెం చెప్పాలి. లోకంలో టీచరు చదువంటే అందరికీ తెలిసిందే. ముందు డిగ్రీ, తరవాత రెండేళ్ళ ట్రైనింగు, ఒక్క సీజను బడికెళ్ళి పాఠాలు అప్పజెప్పి రావడం. బెట్సీ చదువు అలాంటిది కాదు. ఇంటరు అవగానే చేరింది. నాలుగేళ్ళు. చేరిన నెలలోనే బడికి పంపారు. పంపి, నోరు తెరవొద్దన్నారు. మొదటి ఏడాదంతా తరగతిలో వెనక నేల మీద కూర్చుని పిల్లల్ని చూడడమే పని. "మా అమ్మాయి టీచరవుతోందిరా. ఏటి చెప్తాదంటే ఏటీ చెప్పదు, కూకుని చూత్తాది" అని లాజరస్ క్యాంటీన్లో చెప్పి అందర్నీ నవ్వించేవాడు. మట్టితో బొమ్మలు చెయ్యడం, పాట కట్టడం, నాటకమాడడం కూడా చదువేనంటే సువర్ణకుమారి నమ్మక, ఫీజు రసీదు మళ్ళీ తీసి చదువుకుంది.

ఇప్పుడు మూడో ఏడు. వారానికి రెండు రోజులు బెట్సీ పాఠం చెబుతుంది. అయినా చూడడం పోలేదు. ఒక పిల్లని ఎంచుకుని ఏడాది పొడుగునా చూడాలి, చూసింది రాయాలి. మంచి పిల్ల, మొద్దు పిల్ల అని రాయకూడదు. ఏం చేసింది, ఏమంది, అంతవరకే. పుస్తకంలో ప్రతి పేజీకి నంబరుంది, కాలేజీ ముద్ర ఉంది. ఒక్క పేజీ తగ్గినా ఏడాది పోయినట్టే. వీళ్ళ గైడు స్మితా మేడమ్, బెంగాలీ ఆవిడ, మొదటి రోజే చెప్పింది: మీ తప్పు మీరు పట్టుకుని రాస్తే మార్కు ఇస్తాను, నేను పట్టుకుంటే ఇవ్వను అని. పాఠం బాగా చెప్పినవాళ్ళకి కాక, ఎక్కడ చెడిందో చెప్పగలిగినవాళ్ళకి మార్కులిచ్చే చదువు అది. తప్పే లేదని రాసిన అమ్మాయిని కిందటేడు మళ్ళీ అదే క్లాసులో కూర్చోబెట్టారు.

బెట్సీ ఎంచుకున్న పిల్ల బిందుప్రియ. జూన్ నుంచి జనవరి దాకా, ఏడు నెలలు, ఆ పిల్ల బడిలో నోరు విప్పలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే. ఇంట్లో నాయనమ్మతో గలగలమనే పిల్ల, బడి గేటు దాటగానే పెదాలు కుట్టేసుకునేది.

"రాశాను" అంది బెట్సీ.

"చదువు."

ఆమె సంచీలోంచి పుస్తకం తీసింది. హిందీలో రాసిందాన్ని తెలుగు చేసి చదివింది. "యాభై మూడో పేజీ. ఎవరింట్లో ఏముంటే అది తెమ్మన్నాను. బిందుప్రియ తీగ చుట్ట తెచ్చింది. తీగ మీద వేలు పెట్టి తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది అని పైకి చదివింది. ఎవరిచ్చారని అడిగాను. ‘మా నాన్న కారఖానాలోంచి తెచ్చాడు’ అంది. బడిలో ఆమె అన్న మొదటి పూర్తి మాట ఇది."

చివరి మాట బెట్సీ పుస్తకం చూడకుండానే చెప్పింది. ఆ రోజు ఆ పేజీ రాసి, ఆటోలో తనలో తను నవ్వుకుంటూ ఇంటికొచ్చింది. ఏడు నెలలకి ఒక్క మాట. ఆ మాటే ఆ పిల్ల తండ్రి మెడకి చుట్టుకుంటుందని ఎవరనుకుంటారు?

"చింపు" అన్నాడు లాజరస్.

"చింపితే ఏడాది పోతుంది నాన్నా."

"పోనీ. ఏడాది మళ్ళీ వత్తాది. వాడి పాసు మళ్ళీ వత్తాదా?"

"కొట్టేసి పక్కన ఇంకోటి రాయి" అంది వంటింట్లోంచి తల్లి.

"కొట్టేస్తే అదే ముందు చదువుతారమ్మా."

"ముందే చెప్పాను నేను. మా చెల్లి కూతురు ప్రిస్సీ చదవలేదూ ట్రైనింగు? బజార్లో చార్టులు కొంది, గోడకంటించింది, దిగిపోయింది. ఇప్పుడు జీతం తీసుకుంటోంది. ఏ పిల్ల ఇంట్లోంచి ఏం వచ్చిందో ఎవడు రాయమన్నాడు మిమ్మల్ని?"

"కొనకూడదమ్మా. పిల్లల చుట్టూ ఉన్నవాటితోనే చెయ్యాలి. అదే మా చదువు."

లాజరస్ నవ్వాడు. బాగోని నవ్వు. "పిల్లల చుట్టూ ఉన్నవా? ఈ ఊళ్ళోనా? ఇక్కడ పుట్టి పెరిగినావు, ఈ ఊళ్ళో ఎవరి చుట్టూ ఏటుంటాదో తెలీదేటే నీకు? ‘ఎవరింట్లో ఏముంటే అది తెండి’ అంటే గుంటలు ఏం తెత్తారు? తులసి మొక్కలు తెత్తారా?"

బెట్సీకి అప్పుడు చురుక్కుమంది. తప్పు ఆ పిల్లది కాదు. భానుప్రకాష్‌ది వేరే లెక్క. ఈ పని జరగడానికి నోరు తెరిచింది తను. అందరి ముందు ఆ పిల్ల వీపు తట్టి, శభాష్ అని, ఇంకా ఉంటే తెమ్మని కూడా చెప్పింది. ఆ చివరి సంగతి తండ్రితో చెప్పడానికి ధైర్యం చాల్లేదు. చెప్పలేదు.

దానికి బదులు ఇంకో మాట అంది.

"మరి ఆ బోల్టు నాన్నా?"

"ఏ బోల్టు?"

"తీగ దేనికి చుట్టామో ఆ బోల్టు. బడిలో దొరకలేదు. మన మంచం కింద నీ డబ్బాలోంచి తీశాను."

లాజరస్ బోల్టు వైపు చూశాడు. బాగా దిట్టమైన బోల్టు. తల మీద అచ్చు పడి ఉంది. అలాంటివి అగ్రికో బజారులో ఏ దుకాణంలోనూ అమ్మరు. ఆ డబ్బాలో అలాంటివి ఇంకా పదో పన్నెండో ఉంటాయి. తలుపు గడియకొకటి, మంచం కోడుకొకటి, సువర్ణకుమారి కుట్టుమిషను కాలికొకటి. ముప్పై ఏళ్ళలో ఒక్కొక్కటీ జేబులో పడి ఇంటికొచ్చాయి. ఎవరూ వాటిని దొంగతనం అనలేదు. ఆయనా అనుకోలేదు.

సువర్ణకుమారి గరిటె కింద పెట్టింది. "పిల్ల అడుగుతోంది, చెప్పండి" అంది. వెక్కిరింపు కాదు, భయం.

"అది వేరు" అన్నాడు లాజరస్. లేచి, పనిముట్ల సంచీ తెచ్చుకుని, బోల్టు మీంచి తీగ విప్పడం మొదలుపెట్టాడు. చుట్టు తరవాత చుట్టు. "పేజీ నువ్వు చింపవు. సరే. తీగైనా మారుద్దాం. నా దగ్గర బజారు తీగ ఉంది, రంగు ఇదే. శనివారం ఎవడొచ్చి చూసినా బజారు తీగే కనిపిత్తాది. బోల్టు కూడా మారుత్తాను. పేజీ సంగతి మీ మేడమ్ కాళ్ళు పట్టుకుంటావో ఏం చేత్తావో నీ ఇష్టం."

"అంకెలు?" అంది బెట్సీ.

"స్కెచ్ పెన్నుతో రాసేస్తే సరి" అంది తల్లి.

తండ్రీ కూతురూ ఇద్దరూ ఆవిడ వైపు చూసిన చూపుకి ఆవిడ మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

లాజరస్ విప్పిన తీగని చుట్టగా చుట్టి, టిఫిన్ సంచీ అడుగున పెట్టాడు. రేపు డ్యూటీకి పట్టుకెళ్ళి స్టోరు వెనక ముక్కల పెట్టెలో పడేస్తాడట. "బయటికొచ్చేవాడినే తడుముతారు. లోపలికెళ్ళేవాడిని ఎవడూ చూడడు. పొద్దున్నే భానూని గేటు దగ్గర పట్టుకుని చెప్తాను, ఇంట్లో ఇంకేటన్నా ఉంటే మాయం చెయ్యమని."

"ఎత్తుకొచ్చినవాడికి లేదు చెమట. తిరిగి పెట్టేవాడికి పడుతోంది" అంది సువర్ణకుమారి లోపల్నించి.

మర్నాడు గురువారం. బెట్సీ బడి రోజు.

స్టేషను దాటి ఆటో పర్సుడీహ్ బజారులోకి తిరిగేసరికి ఎనిమిదిన్నర. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఒళ్ళో గంట పలక, మీద శాలువా. బడి గేటు దగ్గర దిగి లోపలికి చూసి బెట్సీ ఆగిపోయింది. వేపచెట్టు కింద నీలం స్కూటరు ఉంది. సోనారి నుంచి ఈ స్కూటరు మీద వచ్చేది ఒక్కరే. స్మితా మేడమ్ ముందు చెప్పి రాదు. తనిఖీకి వచ్చినట్టు హెడ్మాస్టరు గదిలో టీ తాగదు. తిన్నగా తరగతిలోకి పోయి, ఆఖరి వరసలో పిల్లల పక్కన చాప మీద మఠం వేసుకుని కూర్చుంటుంది. ఈ చదువులో అదొకటి. గైడు కుర్చీలో కూర్చోకూడదు.

ఆవిడ అప్పటికే కూర్చుని ఉంది. కుడి పక్కన ఒక పిల్ల ఆవిడ శాలువా అంచు తన మోకాళ్ళ మీదికి లాక్కుంది కూడా.

"కాపీ దేనా, బెట్సీ" అంది చెయ్యి చాపి.

ఆ పుస్తకం ఇవ్వడం తప్ప దారి లేదు. ఇచ్చింది. స్మితా మేడమ్ ముక్కు మీద కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి తిప్పడం మొదలుపెట్టింది. ఆవిడ నెమ్మదిగా చదువుతుంది. యాభై మూడు దాకా రావడానికి ఎంతసేపు పడుతుందో బెట్సీ లోపల లెక్క వేసుకుంటూ, బోర్డు మీద తారీఖు తప్పు రాసింది. పిల్లలు అరిచి దిద్దించారు.

పాఠం మామూలుగా మొదలైంది. గంట ఎందుకు మోగుతుంది, తీగలో కరెంటు పారితే ఇనుము ఎందుకు లాగుతుంది. మీట నొక్కింది. మూత మోగింది. నలభై మంది పిల్లలు చప్పట్లు కొట్టారు. బెట్సీ గబగబా తరవాతి మాటలోకి వెళ్ళబోయింది.

"మిస్! పహలే బిందూ!" అని అరిచారు ముందు వరస వాళ్ళు.

మరిచిపోయింది. మరిచిపోవాలనుకుంది. గంట మోగించిన ప్రతిసారీ బిందు వచ్చి అంకెలు చదవాలని రెండు వారాల కింద తనే అలవాటు చేసింది. ఆ పిల్ల నోరు మూతపడకుండా ఉండడానికి.

బిందుప్రియ అప్పటికే లేచింది. రెండు జడలు, పొట్టి స్వెట్టరు, చేతులు మణికట్టు పైదాకా బయటే. బల్ల దగ్గరికొచ్చి బోల్టు మీద తీగకి వేలు పెట్టింది. వేలు ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. ఆగింది. పలకని పక్కకి తిప్పి, వంగి, అడుగున చూసింది.

"తొమ్మిది ఏదీ?" అంది తెలుగులో.

"తరవాత చూద్దాం, కూర్చో అమ్మా" అంది బెట్సీ, అదే భాషలో, నవ్వు మొహం పెట్టి.

బిందు కూర్చోలేదు. "ఇది నాది కాదు టీచర్. నా తీగకి తొమ్మిదుంటాది. దీనికి ఏటీ లేదు. నాది ఎవరు తీసీసినారు?" ఏడు నెలలు మూగగా ఉన్న గొంతు, ఇంత ఉందా అనిపించేలా గదంతా వినిపించింది.

తరగతిలో తెలుగు తెలిసిన పిల్లలు నలుగురైదుగురు. వాళ్ళకి అర్థమైంది. అర్థమైనవాళ్ళు అర్థం కానివాళ్ళకి చెప్పారు. ఒక్క నిమిషంలో తలలన్నీ అగస్టిన్ వైపు తిరిగాయి. మంగళవారం గంట తుడిచి బట్ట కప్పింది వాడే.

"అగస్టిన్ నే లియా! అగస్టిన్ చోర్!"

"మైఁనే నహీఁ లియా!" అన్నాడు వాడు. కింది పెదవి అప్పటికే వణుకుతోంది. వెనక కూర్చున్నవాడు వాడి సంచీ లాగి బోర్లించాడు. పెన్సిలు ముక్కలు, సగం తిన్న రొట్టె నేల మీద పడ్డాయి.

"చుప్!" అంది బెట్సీ. ఎవరూ వినలేదు.

"బెట్సీ." స్మితా మేడమ్ గొంతు పెద్దది కాదు, కానీ గది సద్దుమణిగింది. ఆవిడ వేలు పుస్తకం మధ్యలో గుర్తుగా ఉంది. ఎన్నో పేజీయో ఇక్కణ్ణించి కనిపించడం లేదు. "ఆ పాప ఏమంటోంది? నాకు తెలుగు రాదు. చెప్పు" అంది హిందీలో.

ఎంత తేలిక! తీగ బాగుందంటోంది మేడమ్, అంటే చాలు. ఇంకో అంకె కావాలంటోంది, అన్నా చాలు. ఈ గదిలో అబద్ధమని పట్టుకోగలిగినవాళ్ళు అయిదుగురు పిల్లలు. పిల్లల మాట ఎవరు వింటారు? నాన్న సంతకం నిలుస్తుంది. భానుప్రకాష్ పాసు నిలుస్తుంది. శనివారం గంట మోగుతుంది.

అగస్టిన్ నేల మీద కూర్చుని పెన్సిలు ముక్కలు ఏరుకుంటున్నాడు. ఒక్కొక్క ముక్కా తీసి, నాదే, నాదే అని అందరికీ చూపిస్తున్నాడు.

బెట్సీ బల్ల అంచు పట్టుకుంది.

"ఇది తన తీగ కాదంటోంది మేడమ్. తన తీగ ఎవరు తీశారని అడుగుతోంది." హిందీలో ఆ రెండు వాక్యాలూ చెప్పి, ఊపిరి పీల్చుకుంది. "నిజమే చెబుతోంది. నేనే తీశాను. నిన్న ఇంట్లో మార్చేశాను. అగస్టిన్ ముట్టుకోలేదు."

బెట్సీ బిందు ముందు మోకాళ్ళ మీద కూర్చుని తెలుగులో మళ్ళీ చెప్పింది. "నీ తీగ నేనే తీశానమ్మా. నీకు చెప్పకుండా తియ్యకూడదు. తప్పు చేశాను." తరవాత లేచి అగస్టిన్ దగ్గరికెళ్ళి, వాడి సంచీ తీసి, వాడితోపాటు పెన్సిలు ముక్కలు అందులో వేసింది. వాడు రొట్టె తియ్యనివ్వలేదు. తనే తీసుకుని, ఊది, నోట్లో పెట్టుకున్నాడు.

తనలో ఏదో బరువు దిగిందని బెట్సీకి అనిపించింది. అది ఎంతోసేపు లేదు.

"ఈ తప్పు నువ్వు పట్టుకున్నావా, ఆ పాప పట్టిచ్చిందా?" అంది స్మితా మేడమ్.

"ఆ పాపే మేడమ్."

"అయితే అలాగే రాయి." ఆవిడ మొహంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. వేలు పెట్టిన పేజీ తెరిచి, కళ్ళజోడు పైకి తోసుకుంది. "ఒక్కటే అర్థం కాలేదు. ఆ పిల్లకి మాటలు తెప్పించిన తీగ అది. యాభై మూడో పేజీలో నువ్వే రాసుకున్నావు. అలాంటిదాన్ని ఎందుకు తీసేశావు?"

బెట్సీ నోరు తెరిచింది. ఇప్పుడు చెప్పాల్సింది తన తప్పు కాదు. ఇద్దరు మనుషుల బతుకు.

బిందుకి ఈ హిందీ అంతా పట్టలేదు. టీచరు మొహం పాలిపోయిందని మాత్రం పట్టింది. టీచరు తన తీగ పోగొట్టుకుని దిగులు పడుతోందనుకుంది కాబోలు, దగ్గరికొచ్చి చున్నీ పట్టుకుని లాగింది.

"పరవాలేదు టీచర్. మీరు ఇంకా తెమ్మన్నారు కదా. ఇంకోటి తెచ్చినాను. సంచీలో ఉంది. దాని మీద పదకొండు."

బెట్సీ ఆ సంచీ వైపు చూసింది. రోజూ చదునుగా వేలాడే గుడ్డ సంచీ, ఈ రోజు అడుగున గుండ్రంగా ఉబ్బి ఉంది. పొద్దుట్నించి కళ్ళ ముందే ఉంది.

అప్పుడే వరండాలో బూట్ల చప్పుడయింది. పరుగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగాడు ఒక మనిషి. నీలం పని చొక్కా, చేతిలో పచ్చ హెల్మెట్, మెడలో గేటు పాసు వేలాడుతోంది. భానుప్రకాష్. డ్యూటీలో ఉండాల్సిన వేళ. ఇంత చలిలోనూ నుదురంతా చెమట. వెనక చాప మీద కూర్చున్న పెద్దావిణ్ణి చూడలేదు. నలభై మంది పిల్లల్ని చూడలేదు.

"లాజరస్ పెద్దాయన ఇప్పుడే గేటు దగ్గర చెప్పినాడు టీచరమ్మా. ఇంటికెళ్ళి చూత్తే..." అని, ఆయాసంతో మాట ఆగి, కూతురి వైపు తిరిగాడు. "బిందూ. ఆ సంచీ ఇలాగిచ్చీ."

బిందు సంచీ తీసి గుండెలకి అదుముకుంది. తండ్రి ఒక అడుగు లోపలికి వేశాడు. వెనక స్మితా మేడమ్ పుస్తకం మూసి, నేల మీద చెయ్యి ఆనించి, మెల్లగా లేచి నిలబడుతోంది. ఆ పిల్ల ముందు తండ్రిని చూసింది. ఆవిణ్ణి చూసింది. ఆఖరికి తలెత్తి బెట్సీని చూసి, ఆ కొత్తగా వచ్చిన గొంతుతో, గదంతా వినపడేలా అడిగింది.

"నాన్నకి ఇచ్చీమంటారా, మీకు ఇచ్చీమంటారా టీచర్?"